బెంగళూరు నడిబొడ్డున భోజనం: సరిహద్దు కుటుంబాలు తెలుసుకొనదగిన సంగతులు

మన సరిహద్దు గ్రామాలలో బెంగళూరు నగరానికి ఒక్కసారైనా వెళ్ళిరాని కుటుంబం అరుదు. బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, పావగడ ప్రాంతాల వారికి అది రాష్ట్ర రాజధాని. హొసూరు, కృష్ణగిరి వైపు వారికి రాష్ట్రం వేరైనా దగ్గరి మహానగరం అదే. ఆసుపత్రి పని, కోర్టు వాయిదా, పిల్లల కళాశాల ప్రవేశం, పెండ్లి బట్టలు, ఇలా ఏదో ఒక కారణం మీద వెళ్తాము. మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి పిల్లలు మొహాలు వ్రేలాడవేస్తారు. అప్పుడు ఇంటి నుండి కట్టుకొని పోయిన చిత్రాన్నం మూట ఏ ఉద్యానవనంలోనో, ఆసుపత్రి వరండాలోనో విప్పుకొని తినడం మనవారిలో చాలామందికి అలవాటు. అందులో పొదుపు ఉన్నది, రుచి కూడా ఉన్నది. కాని కొంత జంకు కూడా ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. పెద్ద వీధిలోని హోటలు తలుపు తోసుకొని లోపలికి పోవడానికి వెనుకాడే తల్లిదండ్రులను మన బడి పిల్లల ఇళ్ళలో ఎందరినో చూస్తున్నాము. ధర ఒక్కటే ఇందుకు కారణం కాదు. లోపలి పద్ధతి, అక్కడి మాట, బిల్లు లెక్క తెలియకపోవడం కూడా కారణమే.

ఈ వ్యాసంలో బెంగళూరు నడిబొడ్డున ఉన్న దక్షిణాది హోటళ్ళ రకాలు, వాటి పుట్టుక, అక్కడి భోజన క్రమం, వినియోగదారునికి చట్టం ఇచ్చిన రక్షణ వివరించబడుతున్నవి. పర్లాకిమిడి, యానాం, షోలాపురం వైపు పాఠకులకు ఈ నగరం దూరమే. అయినప్పటికీ చట్టానికి సంబంధించిన భాగం వారికి కూడా అక్కరకు వస్తుంది.

ముందుగా ఒక మాట. మన వాడుకలో గానీ బెంగళూరు వాడుకలో గానీ హోటలు అంటే తిండి దొరికే చోటు. బస చేసే చోటును లాడ్జి అంటాము. ఈ వ్యాసంలోనూ ఆ అర్థాన్నే గ్రహించవలసినది.

ఉడిపి వారి హోటళ్ళు

బెంగళూరులో శాకాహార హోటలు అనగానే ఉడిపి వారి పేరు వినవస్తుంది. ఉడిపి, కుందాపురం ప్రాంతాల నుండి వచ్చిన వంటవారు 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో మద్రాసు, బెంగళూరు, బొంబాయి నగరాలకు చేరి ఇడ్లీ, దోసె, సాంబారులను అంగట్లో దొరికే వస్తువులుగా మార్చారు. అంతకు ముందు ఇవి ఇంటి వంటలు, గుడి వంటలు.

లాల్‌బాగ్ రోడ్డులో ఉన్న మావళ్ళి టిఫిన్ రూమ్స్ (ఎమ్‌.టి.ఆర్‌.) వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఉడిపి సమీపంలోని పారంపళ్ళి నుండి వచ్చిన యజ్ఞనారాయణ మయ్య తన అన్నదమ్ములతో కలిసి 1924లో దీనిని ప్రారంభించారు. 1951లో ఆయన ఐరోపా దేశాలు చూసి వచ్చి, అక్కడి హోటళ్ళ శుభ్రతను ఇక్కడ పాటించనారంభించారు. పాత్రలను వేడినీటితో శుద్ధిచేయడం, వచ్చినవారు వంటశాలను కళ్ళారా చూడగలగడం అప్పటి నుండి ఈ హోటలుకు పేరు తెచ్చినవి. 1960లో నేటి భవనంలోకి మారారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బర్మా బియ్యం రాక ఆగిపోయి బియ్యానికి కరువు వచ్చినప్పుడు, గోధుమ రవ్వతో ఇడ్లీ చేయడం తామే మొదలుపెట్టామని ఈ హోటలు వారు చెప్పుకొంటారు. నేడు మన పల్లెల పెండ్లిళ్ళలో సైతం రవ్వ ఇడ్లీ వడ్డిస్తున్నాము.

1975లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించిన తరువాత ప్రభుత్వం హోటళ్ళ తినుబండారాలకు తక్కువ ధరలు నిర్ణయించింది. ఆ ధరకు నాణ్యత నిలుపలేమని యజమానులు హోటలు మూసివేశారు. పనివారిని వదులుకొనక, వారిచేత రవ్వ ఇడ్లీ పిండి, మసాలా పొడులు తయారుచేయించి అమ్మారు. కిరాణా అంగడిలో మనం చూసే ఎమ్‌.టి.ఆర్‌. పొట్లాల పుట్టుక అది. కొన్నేళ్ళకు హోటలు తిరిగి తెరువబడింది. పొట్లాల వ్యాపారాన్ని 2007లో నార్వే దేశపు ఆర్క్లా సంస్థ కొన్నది. హోటళ్ళు మాత్రం మయ్య కుటుంబం చేతిలోనే ఉన్నవి. కనుక పొట్లం, హోటలు ఇప్పుడు ఒకే ఇంటివి కావు.

ఇక్కడ మధ్యాహ్న భోజనం ఒక్కసారిగా పళ్ళెం నిండా రాదు. కోసంబరి, పల్యము, చిన్న దోసె, బిసిబేళె బాత్‌, అన్నం, సారు, పెరుగన్నం, తీపి, చివరకు పండ్లముక్కలతో ఐస్‌క్రీం అంటూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తెలియక మొదటి రెండు వడ్డనలకే కడుపు నింపుకొనే వారున్నారు. కొంచెం కొంచెం పెట్టించుకొనడమే ఇక్కడి కిటుకు. పేరు చెప్పి వేచి ఉండవలసి వస్తుంది కాబట్టి, ఆసుపత్రి వేళ ముంచుకొస్తున్న వారు ఇక్కడి భోజనానికి పోకుండా ఉండటం మంచిది. సోమవారం సెలవు.

బసవనగుడి గాంధీబజారులోని విద్యార్థి భవన్‌ 1943లో మొదలయింది. చుట్టుపక్కల చదువుకొనే పిల్లల కోసం పెట్టిన చిన్న హోటలు కాబట్టి ఆ పేరు. మందంగా, ఎర్రగా కాలిన మసాలా దోసె దీని ప్రత్యేకత. వడ్డించేవారు పది పన్నెండు పళ్ళేలను ఒక చేతి మీద మోచేతి పైవరకు పేర్చుకొని రావడం చూడటానికే పిల్లలను తీసుకొని పోవచ్చును. మా బడి విహారయాత్రలో పిల్లలు విధానసౌధాన్ని మరచిపోయారు గాని ఈ దృశ్యాన్ని మాత్రం మరువలేదు. శుక్రవారం సెలవు. మల్లేశ్వరంలోని సి.టి.ఆర్‌. బెణ్ణె దోసెకు, అంటే వెన్న దోసెకు, ప్రసిద్ధి. చర్చి వీధిలోని ఇండియా కాఫీ హౌస్‌ పూర్వం మహాత్మాగాంధీ రోడ్డులో ఉండేది. 2009లో ఇక్కడికి మారింది. దీనిని నడుపుతున్నది కార్మికుల సహకార సంఘం. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేస్తున్నప్పుడు పని కోల్పోయిన ఉద్యోగులు 1957లో బెంగళూరులో ఇలాంటి సంఘం స్థాపించుకొన్నారు.

ఎవరు ఎక్కడ కూర్చోవచ్చును?

మావళ్ళి టిఫిన్ రూమ్స్ తొలి పేరు బ్రాహ్మణ కాఫీ క్లబ్బు. ఆ పేరే ఆనాటి కాలం ఎట్టిదో తెలుపుతున్నది. అప్పట్లో దక్షిణాది పట్టణాల హోటళ్ళలో కొన్ని కులాల వారికి లోపలి గది, కొన్నింటికి బయటి బల్ల, కొన్నింటికి ప్రవేశమే లేకపోవడం సాధారణం. రైల్వే స్టేషన్ల ఫలహారశాలల్లో కూడా బ్రాహ్మణులకు, ఇతరులకు వేర్వేరు గదులు ఉండేవి. పెరియార్‌ ఇ.వి. రామస్వామి, ఆయన అనుచరులు సాగించిన ఆందోళన తరువాత 1941లో దక్షిణాది రైల్వేలలో ఆ పద్ధతి తొలగింది.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండం ఈ విషయాన్ని ఏ సందేహమూ లేకుండా తేల్చింది. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరునికీ అంగళ్ళలో, హోటళ్ళలో, ప్రజా భోజనశాలల్లో ప్రవేశం నిరాకరింపరాదు. జన్మస్థలం అన్న మాటను కూడా గమనింపవలెను. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసింది. దానిని అమలుపరచడానికి 1955లో చేసిన చట్టం, 1976 నుండి పౌర హక్కుల పరిరక్షణ చట్టం అన్న పేరుతో అమలులో ఉన్నది. అస్పృశ్యత పేరున హోటలులోకి రానివ్వకపోవడమే కాదు, అందరికీ ఉంచిన పాత్రలను వాడనివ్వకపోవడం కూడా ఈ చట్టం క్రింద నేరమే.

ఈ చివరి మాట నగరం కంటె మన పల్లెలకే ఎక్కువగా వర్తిస్తుంది. టీ అంగడిలో కొందరికి వేరు గ్లాసు, అది కూడా వారే కడిగి పెట్టవలెనన్న నియమం, మన తాలూకాలలో పెద్దలు చూసినదే. కొన్ని చోట్ల స్టీలు గ్లాసు పోయి కాగితపు కప్పు వచ్చింది, అదీ కొందరికే. ఆ ఊళ్ళ నుండి కట్టడపు పనికి బెంగళూరు పోయినవారు నగరపు హోటళ్ళ గూర్చి చెప్పేటప్పుడు ముందుగా రుచి గురించి చెప్పరు. పక్కన కూర్చున్నవాడు తనను ఏ ఊరని గానీ ఎవరి ఇంటివాడవని గానీ అడగలేదని చెబుతారు. దోసె ధర పదిరూపాయలు ఎక్కువైనా అక్కడికే పోతామనేవారి మాటను ఈ వెలుగులో అర్థం చేసుకొనవలెను.

దర్శినులు

1983లో జయనగరంలో కెఫె దర్శిని అన్న చిన్న హోటలు తెరువబడింది. ఆర్‌. ప్రభాకర్‌ రూపొందించిన ఈ పద్ధతిలో వడ్డించేవారు లేరు, కుర్చీలు లేవు. గల్లా వద్ద ముందుగా డబ్బు చెల్లించి చీటీ తీసుకొనవలెను. ఆ చీటీని వంటగది కిటికీలో ఇస్తే కళ్ళ ముందే దోసె వేసి ఇస్తారు. ఎత్తయిన బల్ల వద్ద నిలబడి తినవలెను. కుర్చీలూ వడ్డించే మనుషుల ఖర్చూ లేనందున ధర తగ్గింది. తిన్నవాడు పది నిమిషాలలో వెళ్ళిపోవడం వలన తక్కువ చోటులో ఎక్కువమందికి తిండి అందింది. నగరమంతటా వందలాది హోటళ్ళు ఈ దారి పట్టినవి. పేరు చివర దర్శిని, సాగర్‌, ఉపహార అన్న మాటలలో ఏదో ఒకటి ఉన్నచోట్ల సాధారణంగా ఇదే పద్ధతి.

మన కుటుంబాలకు బెంగళూరులో అన్నిటికంటె అనువైనవి ఇవే. ధరల పట్టిక గోడ మీద ఉంటుంది, ముందే లెక్క చూసుకొనవచ్చును, మొహమాటానికి తావు లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి మాత్రం నిలబడటం కష్టం. చాలాచోట్ల ఒక మూల నాలుగు కుర్చీలు వేసి ఉంటారు, అడిగితే చూపుతారు. కాఫీ బై టూ అని అడిగితే ఒక కాఫీని రెండు చిన్న గ్లాసులలో పంచి ఇస్తారు. ఇది పిసినారితనంగా అక్కడ ఎవరూ భావించరు. నగరపు మర్యాదలలో అదొకటి.

ఆంధ్ర భోజనం ఎవరి భోజనం?

రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున హోటలు 1984 నుండి ఉన్నది. అరిటాకు, దాని మీద వేడి అన్నం, ముద్దపప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర, ఆవకాయ, కూర, సాంబారు, చారు, పెరుగు, విడిగా చెప్పించుకొంటే కోడి వేపుడు. ఈ క్రమాన్ని బెంగళూరు వాసులు ఆంధ్ర మీల్స్‌ అంటారు. కన్నడిగులు, తమిళులు, ఉత్తరాదివారు, అందరూ వరుసలో నిలబడి తింటారు. కర్ణాటకలోని ప్రైవేటు ఇంజనీరింగు, వైద్య కళాశాలలకు కోస్తా, రాయలసీమల నుండి వేలాదిగా విద్యార్థులు రావడం, 1990ల తరువాత కంప్యూటరు ఉద్యోగులు రావడం ఇలాంటి హోటళ్ళు పెరగడానికి తోడ్పడినవి.

నందిని అన్న పేరున్న హోటళ్ళు ఈ కోవలో మరొకటి. ఆ పేరు మీద ఒక వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుండి నందిని పేరుతో పాలు అమ్ముతున్నది. హోటలు వారు 1989 నుండి ఆ పేరు వాడుతున్నారు. పాలు, పాల పదార్థాలు మినహా తమ తినుబండారాలకు ఆ పేరు నమోదు చేసుకొనే హక్కు హోటలు వారికి ఉన్నదని 2018 జూలైలో కోర్టు తీర్పు చెప్పింది. నందిని ఒక దేవత పేరు, గోవు పేరు. అది ఎవరి ఒక్కరి సొత్తు ఎట్లా అవుతుందన్న ప్రశ్న మన పల్లె రచ్చబండ మీద కూడా వచ్చేదే.

అసలు సంగతికి వద్దాము. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల తెలుగు కుటుంబం ఒకటి ఈ ఆంధ్ర హోటలుకు పోయి ఆకు ముందు కూర్చున్నదనుకొందాము. హోటలు బోర్డు తెలుగు, వడ్డించేవారి మాట తెలుగు. కాని ఆకు మీద ఉన్నది మన వంట కాదు. గోంగూర మన వైపు ప్రతిదినం తినేది కాదు. అంత కారం మన పిల్లలకు పడదు. పచ్చిమిర్చి నిండా వేసిన కోడి వేపుడు మన ఇళ్ళలో ఎవరూ చేయరు. ఆవకాయ కంటె నిమ్మకాయ, మామిడి ముక్కల ఊరగాయ మనకు అలవాటు. అన్నమే ప్రధానంగా తినడం కూడా మనకు ఈ రెండు తరాల మాటే. అంతకు ముందు వరి అన్నం పండుగ భోజనం, దినబత్తెం రాగి సంగటి.

అదే కుటుంబం కాటన్‌పేట వైపో, జయనగరం వైపో ఉన్న ఒక మిలిటరీ హోటలుకు పోయిందనుకొందాము. మిలిటరీ హోటలు అంటే సైన్యానికి చెందినది కాదు; మాంసాహారం వండే హోటళ్ళకు పాత మైసూరు సీమలో ఉన్న వాడుక పేరు. మరాఠీ మూలాల కుటుంబాలు, ఒక్కలిగ కుటుంబాలు వీటిని ఎక్కువగా నడుపుతూ వచ్చినవి. అక్కడ రాగి ముద్దె, నాటి కోళి సారు, మేక కాళ్ళ సూపు, తలకాయ మాంసం దొరుకుతాయి. బోర్డు కన్నడం, మాట కన్నడం. కాని పళ్ళెంలో ఉన్నది అక్షరాలా మన ఇంటి ఆదివారం. ముద్దెను నమలకుండా చిన్న తునకగా త్రుంచి, సారులో అద్ది మ్రింగడం మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రక్క బల్ల వద్ద కూర్చున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగి దానిని పంటితో కొరికి ఇబ్బందిపడుతుంటే మనవాడు నేర్పగలడు.

శాకాహారంలోనూ ఇదే తీరు. అలసందలో, ఉలవలో ఉడికించి, కట్టు వార్చి సారు కాచి, మిగిలిన గింజలను తాలింపు పెట్టుకొంటాము. దీనినే కన్నడంలో బస్సారు అంటారు, మనలోనూ చాలామంది అదే మాట వాడుతారు. కోస్తా వారి ఉలవచారు దీనికి దూరపు చుట్టం మాత్రమే. అనపకాయల కాలంలో గింజలను నానబెట్టి, పొట్టు పితికి వండే పితికిన పప్పు చిత్తూరు, కోలారు, బెంగళూరు గ్రామీణ ప్రాంతాలన్నిటికీ ఉమ్మడి వంట. కన్నడంలో హితికిద అవరెబేళె. చలికాలంలో విశ్వేశ్వరపురం తిండి వీధి వైపు ఏటేటా జరుగుతూ వచ్చిన అవరెకాయల మేళాలో అనపగింజలతో దోసె, వడ, హోళిగె దాకా చేసి అమ్ముతారు. హోళిగె అంటే మనం ఓళిగ అనేది, కోస్తావారు బొబ్బట్టు అనేది.

దీని నుండి ఒక విషయం తేటపడుతున్నది. భాషను బట్టి వంట పోలేదు. నేలను బట్టి, వానను బట్టి, పండే పంటను బట్టి పోయింది. మెరక పొలాల్లో రాగి, ఉలవ, అనప పండే సీమ అంతా ఒకే వంట వండింది, ఇంట్లో ఏ భాష మాట్లాడినా సరే. పేర్లు మాత్రం రాష్ట్రాలను అనుసరించినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడే బళ్ళారి మైసూరులో కలిసింది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. ఆ తరువాత ఆంధ్ర అన్న మాట ఒక రాష్ట్రపు పేరయి, ఆ రాష్ట్రపు కోస్తా వంట ఆంధ్ర భోజనమయింది. మైసూరు సీమలో తరతరాలుగా ఉన్న తెలుగువారి వంట ఏ బోర్డు మీదకూ ఎక్కలేదు. నగరంలో చదువుకొనే మన పిల్లలను స్నేహితులు, నీవు తెలుగువాడివి కదా, గోంగూర ఇష్టమా అని అడుగుతుంటారు. సంగటి ఇష్టమని చెప్పడానికి పిల్లలు సంకోచిస్తారు. అది పేదవాని తిండి అని వారికెవరో నేర్పి ఉంటారు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో రాగికి నగరంలో కొంత గౌరవం పెరిగింది. ఆ గౌరవం మన పిల్లల నోట రావడానికి ఐక్యరాజ్యసమితి దాకా పోవలసి రావడం ఈ వ్యాసకర్తకు కొంచెం విచారంగానే ఉన్నది.

ఆంధ్ర హోటలుకు పోవద్దని దీని అర్థం కాదు. పప్పు, నెయ్యి, కందిపొడి కలిపి తినే మొదటి ముద్ద నిజంగా గొప్పది. పోయినప్పుడు ఆకును ఎట్లా వేశారో చూడండి: సన్నని కొస భోక్తకు ఎడమ వైపు ఉండవలెను. నీళ్ళు చిలకరించి తుడుచుకొనవలెను. అన్నం, పప్పు, కూర, సాంబారు, చారు ఎన్నిసార్లయినా వడ్డిస్తారు, దానికి వేరు ధర లేదు. మాంసం పదార్థాలకు మాత్రం వేరు ధర. ఈ తేడా ముందే అడిగి తెలుసుకొంటే బిల్లు చూసి ఉలిక్కిపడనక్కరలేదు. ఇంటికి కట్టించుకొనే పొట్లానికి ఎన్నిసార్లయినా అన్న నియమం ఉండదు. తిన్న తరువాత ఆకును పైనుండి తన వైపునకు మడవడం తృప్తికి గుర్తు. రద్దీ వేళ అపరిచితులతో ఒకే బల్ల వద్ద కూర్చోవలసి వస్తుంది, దానికి నొచ్చుకొనరాదు.

కొన్ని మాటలు

మనలో చాలామందికి కన్నడం వచ్చును. అయినా హొసూరు, మదనపల్లె వైపు పాఠకుల కోసం కొన్ని చెప్పవలసి ఉన్నది. కన్నడంలో తిండి అంటే ఉదయపు ఫలహారం. భోజనానికి ఊట అనవలెను. మధ్యాహ్నం తిండి ఉందా అని అడిగితే దోసె తెచ్చి పెడతారు. సాకు అంటే చాలు. మన తెలుగులో సాకు అంటే నెపం కదా, వడ్డించేవాడు సాకా అని అడిగినప్పుడు మనల్ని నిందిస్తున్నాడని అపార్థం చేసుకొనరాదు. పల్య అంటే పొడికూర, హుళి అంటే సాంబారు వంటిది, మొసరు అంటే పెరుగు, మజ్జిగె అంటే మజ్జిగ. ఖారా బాత్‌ ఉప్మా వంటిది, కేసరి బాత్‌ తీపి. రెండూ ఒకే పళ్ళెంలో కావాలంటే చౌచౌ బాత్‌ అనవలెను. ఖాలీ దోసె అంటే లోపల కూర లేని మెత్తని దోసె. తెలుగులో అడిగినా సగం హోటళ్ళలో అర్థమవుతుంది. కాని ఆ రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన మనవారు కన్నడంలో మొదలుపెట్టడం మర్యాద.

బిల్లు, చట్టం

సాధారణ హోటళ్ళలో తిన్నదానిపై వస్తుసేవల పన్ను 5 శాతం. ఇది 2017 నవంబరు 15 నుండి అమలులో ఉన్నది. బిల్లులో కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర శాతంగా వేరువేరుగా కనిపిస్తుంది. రెండుసార్లు పన్ను వేశారని కొందరు గొడవపడటం కద్దు, అది సరికాదు. కాంపోజిషన్‌ పద్ధతిలో నమోదైన చిన్న హోటళ్ళు గిరాకీ వద్ద పన్ను వసూలు చేయరాదు.

సేవా రుసుము వేరు. అది ప్రభుత్వానికి పోయేది కాదు. దానిని బిల్లులో తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీచేసింది. హోటలు సంఘాలు కోర్టుకు పోగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. కనుక బిల్లులో సేవా రుసుము కనిపిస్తే తీసివేయమని అడిగే హక్కు మనకున్నది. ఒప్పుకొననిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. మాటామాటా పెంచుకొనడం కంటె అక్కడే ఆ నంబరు తిప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

సీసా నీళ్ళ విషయంలో చట్టం మన పక్షాన అంతగా లేదు. సీసా మీద అచ్చువేసిన ధర కంటె ఎక్కువ వసూలు చేసినందుకు హోటళ్ళ మీద తూనికలు కొలతల చట్టం క్రింద చర్య తీసుకొనడం కుదరదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కూర్చోబెట్టి వడ్డించే హోటలు వారు నీళ్ళు మాత్రమే అమ్మడం లేదని దాని వాదం. కాబట్టి సీసా వద్దు, మామూలు నీళ్ళు ఇవ్వండి అని మొదటే చెప్పడం మేలు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య ప్రతి హోటలులోనూ కనబడేటట్లు ఉండవలెను. అనుమానం వచ్చినప్పుడు చూడవలసినది అదే.

దారి, ఖర్చు

మెజెస్టిక్‌ బస్సు నిలయం, రైల్వే స్టేషనుల దగ్గరనే మెట్రో కూడలి ఉన్నది. ఆకుపచ్చ మార్గంలో లాల్‌బాగ్‌ స్టేషనులో దిగితే మావళ్ళి, నేషనల్‌ కాలేజీ స్టేషనులో దిగితే గాంధీబజారు దగ్గర. రెసిడెన్సీ రోడ్డు, చర్చి వీధులకు ఊదా మార్గంలో మహాత్మాగాంధీ రోడ్డు స్టేషను అనువు. శని, ఆదివారాలలో ఒంటిగంట నుండి మూడు వరకు ప్రసిద్ధమైన హోటళ్ళన్నిటి ముందు వరుసలు ఉంటాయి. పన్నెండున్నరకే పోతే త్వరగా చోటు దొరుకుతుంది.

రోగితో పాటు రోజుల తరబడి ఉండవలసిన వారికి పైన చెప్పినవేవీ నిత్యం సాధ్యం కావు. అలాంటివారి కోసం 2017 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులో ఇందిరా క్యాంటీన్లు ప్రారంభించింది. ఫలహారానికి 5 రూపాయలు, భోజనానికి 10 రూపాయలు ధరగా నిర్ణయించారు. ఏ రాష్ట్రపు వారనిగానీ, ఏ చీటీ ఉన్నదనిగానీ అడగరు. వండినది అయిపోతే ఆ పూటకు అంతే, కాబట్టి తెరిచే వేళకే పోయి వరుసలో నిలబడవలెను. పళ్ళెం, గ్లాసు అందరికీ ఒకటే.